బందరు వసారాలో బాల్హమ్ హత్య

మా పెదనాన్న త్రాసు ఇప్పుడు నా దగ్గరే ఉంది. అరచేతిలో పట్టే చెక్కపెట్టె, లోపల ఆకుపచ్చ మఖమల్ గుడ్డ, పట్టుదారాలకు వేలాడే రెండు బుల్లి ఇత్తడి పళ్లేలు. తూకపు రాళ్లలో అన్నిటికన్నా చిన్నది రాయి కూడా కాదు, గోరులో సగం ఉండే రేకుముక్క. పట్టుకారుతో ఎత్తడానికి వీలుగా దాని ఒక మూల పైకి మడిచి ఉంటుంది. ఒక గ్రెయిన్ బరువు. మొన్న దుమ్ము దులుపుతుంటే అది జారి కిందపడింది. ఫోన్లో లైటు వేసుకుని, గచ్చు మీద మోకాళ్ల మీద పాకి, అరగంట వెతికాను. దొరికాక దాన్ని వేలి కొసన పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

1984 వేసవిలో, నాకు పదేళ్లప్పుడు, ఒక హత్యకథ మొత్తం ఈ రేకుముక్క చుట్టూ తిరిగింది.

పెదనాన్న బందరులో సర్కారు ఆసుపత్రి కాంపౌండరు. ఆ రోజుల్లో మందంటే సీసా పట్టుకెళ్లి తెచ్చుకునే మిక్శ్చరు. కాగితాన్ని నిలువుగా మడిచి, అంచుల్ని కత్తెరతో గాట్లు పెట్టి, సీసాకి పక్కగా అంటించేవాడు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. చదువురాని ముసలమ్మ కూడా ఆ గాటు చూసుకుని సరిగ్గా అంతే తాగేది. ఆ కత్తెర చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

వేసవి సెలవులకి మేమంతా పెదనాన్న ఇంటికే చేరేవాళ్లం. రాత్రి భోజనాలయ్యేసరికి ఖాయంగా కరెంటు పోయేది. వసారాలో చాపలు పరిచి, లాంతరు కొంచెం తగ్గించి, పెదనాన్న మడతమంచం మీద కూర్చునేవాడు. పెద్దమ్మ కాస్త ఎడంగా, గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తూనో, మినపప్పులో రాళ్లు ఏరుతూనో ఉండేది. కథలు తనకి పట్టనట్టే ఉండేది. మధ్యలో "పిల్లలకి ఆ చావుల కథలేంటండీ" అని ఒక మాట విసిరి మళ్లీ పనిలో పడేది.

అప్పట్లో అన్నయ్య రోజుకి పావలా అద్దెకిచ్చే డిటెక్టివ్ పుస్తకాల పిచ్చిలో ఉన్నాడు. తలదిండు కింద ఎప్పుడూ ఒకటుండేది. పెదనాన్న ఒకనాడు దాన్ని తీసి, నాలుగు పేజీలు తిరగేసి, తిట్టకుండా పక్కన పెట్టి, "ఇంతకన్నా మంచిది చెప్తాను. పైగా నిజంగా జరిగింది" అన్నాడు.

ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. విషాలు, వాటి లక్షణాలు, కోర్టులో వాటి గురించి వచ్చిన కేసులు. బదిలీ మీద వెళ్లిపోతూ ఒక డాక్టరుగారు ఇచ్చారట. పెదనాన్న స్కూలు ఫైనలు దాకానే చదివాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి చదివి, తనకి నచ్చిన కేసుల్ని ఎక్సర్‌సైజు నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. అందులోదే బాల్హమ్ కేసు, లండన్ శివార్లలో ఉన్న ఊరది. ఆయన 'బాల్హమ్' అనే పలికేవాడు. లండన్‌లో వాళ్లు మధ్యలో హకారం మింగేసి 'బాలమ్' అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు. ఇప్పటికీ నా నోట పెదనాన్న మాటే వస్తుంది.

కథ ఫ్లారెన్స్‌తో మొదలు. బాగా ఉన్నవాళ్ల అమ్మాయి. 19వ ఏట, 1864లో రికార్డో అనే మిలిటరీ కెప్టెన్‌కిచ్చి పెళ్లి చేశారు. అతను తాగుబోతు. ఆరోగ్యం పాడై, మనసు పాడై, నీటి వైద్యం కోసం మాల్వెర్న్ అనే ఊరు వెళ్లింది. తడిగుడ్డలు చుట్టడం, చన్నీళ్ల స్నానాలు, పత్యం. "మన భీమవరంలో ప్రకృతి చికిత్స చేస్తారే, అలాంటిదే" అని పెదనాన్న చెప్పాడు. అక్కడి డాక్టరు జేమ్స్ గల్లీ. డార్విన్, టెన్నిసన్ లాంటివాళ్లు ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నారు. 'గల్లీ' అనగానే మేమంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత రాణిగారి వైద్యుడు సర్ విలియం గల్ కథలోకి వచ్చేసరికి ఎవరు గల్లో ఎవరు గల్లీయో కలిసిపోయేది. పెదనాన్న విసుక్కోకుండా ప్రతి రాత్రీ మళ్లీ మొదట్నుంచి చెప్పేవాడు.

కెప్టెన్ 1871లో చచ్చిపోయాడు. ఫ్లారెన్స్‌కి 40,000 పౌన్లు వచ్చాయి. 25 ఏళ్ల విధవ, చేతినిండా డబ్బు, తనకన్నా 37 ఏళ్లు పెద్దవాడైన డాక్టరుతో స్నేహం. ఆయనకి విడిగా ఉంటున్న ముసలి భార్య ఉంది కాబట్టి పెళ్లికి దారి లేదు. బాల్హమ్‌లో ప్రయరీ అనే పెద్ద ఇల్లు ఆమె తీసుకుంది, నడిచి వెళ్లే దూరంలో ఇంకో ఇల్లు ఆయన తీసుకున్నాడు. ఊరి పెద్దమనుషులు ఆమెని గుమ్మం తొక్కనివ్వలేదు. కన్నవాళ్లే మాట్లాడ్డం మానేశారు. ఆ స్నేహం గురించి మాకు చెప్పడానికి పెదనాన్న పడ్డ తంటాలు ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతోంది. "మంచి స్నేహితులన్నమాట" అని ఊరుకునేవాడు. గుమ్మం దగ్గర్నుంచి పెద్దమ్మ గొంతు సవరించుకునేది.

తిరిగి లోకంలో తలెత్తుకోవాలంటే ఆమెకి ఒకటే దారి, పెళ్లి. 1875 డిసెంబరులో చార్లెస్ బ్రావో అనే యువ బారిస్టరుని చేసుకుంది. గల్లీ సంగతి ముందే చెప్పేసింది. అతను సరేనన్నాడు. కానీ డబ్బు దగ్గరకొచ్చేసరికి పేచీ మొదలైంది. పెళ్లయిన ఆడదాని ఆస్తి ఆమెదేనన్న 1882 చట్టం ఆ దేశంలో అప్పటికింకా రాలేదు. ముందుగా కాగితాలు రాయించుకుంటే తప్ప భార్య ఆస్తి మీద మొగుడిదే పెత్తనం. ఇల్లూ, అందులోని బల్లా కుర్చీ తన చేతుల్లోకి రాకపోతే పెళ్లే వద్దని చార్లెస్ భీష్మించుకున్నాడు. పెళ్లయ్యాక గుర్రబ్బండ్లు తగ్గించమన్నాడు, ఆమెకి తోడుగా ఉండే మిసెస్ కాక్స్ అనే విధవకి జీతం దండగన్నాడు. మిసెస్ కాక్స్‌కి చదువుకుంటున్న ముగ్గురు మగపిల్లలు. ఆ ఉద్యోగం పోతే వీధిన పడుతుంది.

"ఇప్పుడు చూడండి, ఇంట్లో ఎంతమందికి కడుపుమంటో" అని పెదనాన్న ఆపేవాడు. మేము వేళ్లు మడిచేవాళ్లం. ఇంకో వేలు ఉందనేవాడు. గుర్రబ్బండి తోలే గ్రిఫిత్స్. ప్రమాదం జరిగిందని ఉద్యోగం తీసేశారు. నాలుగైదు నెలల్లో ఈ బ్రావో చస్తాడని తాగి వాగాడు. గుర్రాలకి నులిపురుగుల మందుగా టార్టార్ ఎమెటిక్ బోలెడు కొని తెచ్చి లాయంలో పెట్టిందీ అతనే.

ఆ మందు పేరు రాగానే పెదనాన్న త్రాసుపెట్టె తెప్పించేవాడు. ఆంటిమొనీ లవణం, తెల్లటి పొడి, నీళ్లలో వేస్తే ఇట్టే కరిగిపోతుంది, రుచి కూడా పెద్దగా తెలియదు. మన దేశంలోనే ఒకప్పుడు, 1915 ప్రాంతంలో, కలకత్తాలో కాలా అజార్ జ్వరానికి దాన్నే నరాలకి ఎక్కించి ఎందరినో బతికించారని చెప్పేవాడు. మందుకీ విషానికీ తేడా ఎంతని అడిగితే ఈ రేకుముక్క ఎత్తి చూపించేవాడు. నాకు గ్రెయిన్ అంటే అర్థం కాలేదు. మర్నాడు పొద్దున చిలకలపూడి తీసుకెళ్లి, తనకి తెలిసిన నగల పనివాడి దగ్గర గురివింద గింజ ఒకటి అడిగి నా చేతిలో పెట్టాడు. "ఇది రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. చార్లెస్ కడుపులోకి వెళ్లింది ఇలాంటివి ఓ పదిహేను గింజల ఎత్తు." పదిహేను గింజలు ఏరుకుని గుప్పిట్లో పెట్టుకుంటే గుప్పిట సగం కూడా నిండలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1876 ఏప్రిల్ 18, మంగళవారం. ఈ తేదీ నాకు మా ఇంట్లో పుట్టినరోజుల్లా గుర్తు. మధ్యాహ్నం చార్లెస్ ఎక్కిన గుర్రం బెదిరి పరుగెత్తింది, ఒళ్లంతా నొప్పులు. రాత్రి భోజనానికి చేప, గొర్రెమాంసం, గుడ్లు. ముగ్గురూ ఒకే పళ్లేల్లోంచి తిన్నారు. అతను వేరే ద్రాక్షసారా తాగాడు, ఆడవాళ్లిద్దరూ షెర్రీ తాగారు. ఫ్లారెన్స్‌కి కొద్దిరోజుల కిందటే గర్భం పోయింది, అందుకని వేరే గదిలో పడుకుంటోంది, మంచం పక్కన మిసెస్ కాక్స్. చార్లెస్ తన గదికి వెళ్లాడు. అతనికి పడుకోబోయేముందు మంచం పక్కనున్న కూజాలో నీళ్లు తాగే అలవాటు. కాసేపటికి తలుపు తీసి అరిచాడు, "ఫ్లారెన్స్! ఫ్లారెన్స్! వేణ్ణీళ్లు!"

ఆ అరుపు విన్నది పనిమనిషి మేరీ ఆన్ కీబర్. భార్య నిద్రలో ఉంది. మెలకువగా కూర్చున్న మిసెస్ కాక్స్ పనిమనిషి వచ్చి పిలిచేదాకా కదలలేదు. అతను కిటికీలోంచి కింద చూరు మీద వాంతి చేసుకున్నాడు. మధ్యలో వాన పడ్డా ఆ కిటికీ కింది సీసపు రేకు మీద మిగిలినదాన్ని తర్వాత గీకి తీసి పరీక్షకి పంపారు. ప్రొఫెసర్ రెడ్‌వుడ్ దాన్లో ఆంటిమొనీ ఉందని తేల్చాడు. మా పెదనాన్నకి కేసు మొత్తంలో ఆ రేకంటే ప్రాణం. "మనుషులందరూ నోరు మూసుకున్నారు, చూరు చెప్పింది" అనేవాడు.

మూడు రోజులు నరకం అనుభవించి 21న చార్లెస్ పోయాడు. సర్ విలియం గల్ మొహం మీదే చెప్పాడు, నీకు విషం ఎక్కిందని. పళ్లనొప్పికి రాసుకున్న లాడనం అనే నల్లమందు ద్రావణం తప్ప ఏమీ తీసుకోలేదని చివరిదాకా ఒట్టేశాడు. మిసెస్ కాక్స్ మాత్రం, "నేను విషం తీసుకున్నాను, ఫ్లారెన్స్‌కి చెప్పకు" అని తనతో అన్నాడంది. తర్వాత రెండో విచారణలో అదే మాటకి 'గల్లీ మూలంగా' అని ఇంకో ముక్క కలిపింది. ముందు ఎందుకు చెప్పలేదంటే, ఫ్లారెన్స్ పరువు కోసమంది.

ఇక్కడికి వచ్చాక ఒక రాత్రి కథ ఆగిపోయింది. పెదనాన్నకి రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి, నూతి దగ్గర చాలాసేపు స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడలేదు. దివి సీమ వైపు నుంచి ఒక కొత్త పెళ్లికూతుర్ని తెచ్చారని, ఎండ్రిన్ తాగిందని, తెల్లారగట్ల పోయిందని పెద్దమ్మ మా అమ్మతో చెప్తుంటే విన్నాను. మా డెల్టాలో ఆ రోజుల్లో ప్రతి ఇంటి గాదె పక్కనా ఉండేది ఆ పురుగుమందు డబ్బా.

ఆ రాత్రి అన్నయ్య, వాడి వయసుకి తగ్గట్టే, "చావాలనుకున్నవాడు వేణ్ణీళ్లెందుకు అడుగుతాడు? అంటే హత్యే కదా?" అన్నాడు. పెదనాన్న చాలాసేపు ఊరుకుని, "అడుగుతారు నాయనా. తాగినవాళ్లు కూడా అడుగుతారు. నేను చూశాను" అన్నాడు. ఇంకెవరం నోరెత్తలేదు. చింతగింజలు గిన్నెలో పడే చప్పుడు కూడా ఆగిపోయింది.

మర్నాడు మళ్లీ ఎత్తుకున్నాడు. మొదటి విచారణ ఆ ఇంట్లోనే గుట్టుగా, జ్యూరీవాళ్లకి ఫలహారాలు పెట్టి, ముగించేశారు. పత్రికలు గోల పెడితే కొట్టేసి, రెండోది బెడ్‌ఫర్డ్ హోటల్లో పెట్టారు. 23 రోజులు సాగింది. శవాన్ని పైకి తీయించి, పెట్టెకి అద్దం బిగించి జ్యూరీకి చూపించారు. జనం కిటకిట. ఫ్లారెన్స్‌ని నిలబెట్టి రోజుల తరబడి అడిగింది గల్లీ గురించి. జర్మనీలో అతనితో ఎన్నిరోజులున్నావు, ఉత్తరాలు ఏమని రాశావు. "విషం గురించి అడిగినవి ఎన్నో, ఆవిడ నడత గురించి అడిగినవి ఎన్నో లెక్కపెట్టండి" అన్నాడు పెదనాన్న. మాకు లెక్కపెట్టడానికి ప్రశ్నలు లేవు, ఆయన గొంతులో కోపం మాత్రం తెలిసింది. అది ముందురోజు పెళ్లికూతురి గురించి కూడానని పెద్దయ్యాక అనుకున్నాను. ఆసుపత్రిలో కాగితాలు రాసేవాళ్లు కూడా మొట్టమొదట ఆ పిల్ల నడత గురించే అడిగారట. పెద్దమ్మే చెప్పింది.

జ్యూరీ తీర్పు: ఇది కావాలని చేసిన హత్యే, కానీ ఫలానావారు చేశారనడానికి సాక్ష్యం చాలదు. అంతే.

అన్నయ్య ఊరుకోలేదు. మరి స్కాట్లండ్ యార్డ్ ఏం చేసింది? షెర్లాక్ హోమ్స్ ఏడి? హోమ్స్ అచ్చులోకి రావడానికి ఇంకా 11 ఏళ్లుంది. ఈ కేసు చూసింది చీఫ్ ఇన్‌స్పెక్టర్ క్లార్క్. ఆయనే మరుసటేడు, 1877లో, దొంగలకి కొమ్ముకాశారన్న ఆరోపణ మీద తోటి డిటెక్టివులతో కలిసి బోను ఎక్కాడు. క్లార్క్ నిర్దోషిగా బయటపడ్డాడు, ముగ్గురు ఇన్‌స్పెక్టర్లకి రెండేళ్లు కఠిన శిక్ష. ఆ రచ్చ తర్వాతే, 1878లో, సీఐడీ అనేది పుట్టింది. మన సినిమాల్లో టోపీ పెట్టుకుని తిరిగే సీఐడీకి మూలం అదని తెలిసి మావాడు రెండురోజులు ఆ మాటే చెప్పుకు తిరిగాడు.

వాడి ఏడుపు మాన్పడానికి పెదనాన్న ఒక గూఢచారి కథ కూడా చెప్పాడు, అదీ 1878దే. చార్లెస్ మార్విన్, లండన్ విదేశాంగశాఖలో గంటలెక్కన జీతం తీసుకునే గుమాస్తా. రష్యన్ భాష వచ్చు. బెర్లిన్ సమావేశానికి ముందు బ్రిటన్, రష్యా లోపాయికారీగా కుదుర్చుకున్న ఒప్పందాన్ని నకలు రాయమని అతని చేతికిచ్చారు. సారాంశం 'గ్లోబ్' పత్రికలో వచ్చింది. మంత్రి సాల్స్‌బరీ ప్రభువుల సభలో నిలబడి, అది నమ్మదగింది కాదన్నాడు. జూన్ 14న మొత్తం పాఠం అచ్చయింది. మార్విన్‌ని పట్టుకున్నారు. కానీ అతను కాగితం దొంగిలించలేదు, బుర్రలో పెట్టుకుని బయటికి నడిచాడు. దానికి శిక్షించే చట్టమే లేదని వదిలేశారు. ఇలాంటివి జరిగాకే 1889లో అధికార రహస్యాల చట్టం వచ్చింది, ఆ వరసలోనే మనకీ. అన్నయ్య సోషల్ పుస్తకంలో రెండు పేజీలు కామాలతో సహా కంఠతా పట్టి అప్పజెప్పాడు. నాకు మాత్రం ఆ గుమాస్తా కథ అంతగా ఎక్కలేదు. దేశాల రహస్యాలు కాగితం మీదుంటాయి, ఎప్పటికైనా ఎవరో ఒకరు చదువుతారు. ప్రయరీ ఇంటి రహస్యం అలా ఎక్కడా రాసిపెట్టి లేదు.

"మరి ఎవరు చంపారు పెదనాన్నా?" అని సెలవులైపోయేదాకా అడిగాను. బస్సెక్కేటప్పుడు కూడా అడిగాను. "తెలిస్తే చెప్పనా తల్లీ" అన్నాడు. ఫ్లారెన్స్ రెండేళ్లు దాటాక, 1878లో, తాగుడుతోనే సముద్రపొడ్డున ఒక ఊళ్లో ఒంటరిగా పోయింది. 33 ఏళ్లు. గల్లీ పేరు ప్రతిష్ఠలన్నీ ఊడ్చుకుపోయాయి. మిసెస్ కాక్స్ తన పిల్లల్ని తీసుకుని జమైకా వెళ్లిపోయింది.

పెదనాన్న 2003లో పోయాడు. త్రాసూ నోటుబుక్కూ నాకిమ్మని ముందే చెప్పాడట.

2016లో మా వారి ఉద్యోగం మీద లండన్‌లో ఏడాదిన్నర ఉన్నాం, టూటింగ్‌లో. ఇడ్లీపిండి దొరికే చోటని అక్కడ ఇల్లు తీసుకున్నాం. సామాను సర్దుకున్నాక ఊరి పటం చూస్తుంటే, పక్క స్టేషను పేరు బాల్హమ్. కాసేపు వేలు అక్కడే ఆగిపోయింది. ఆ ఆదివారమే బయల్దేరాను. పెద్ద పచ్చిక మైదానం దాటితే బెడ్‌ఫర్డ్ హిల్ అనే రోడ్డు. ఇల్లు ఇంకా ఉంది. తెల్లటి గోడలు, పైన చిన్న కోటకున్నట్టు పళ్లుపళ్లుగా బురుజులు, కొనతేలిన కిటికీలు. లోపలంతా ఫ్లాట్లు చేసేశారు. ఒక కిటికీలో పిల్లల బొమ్మలు ఆరబెట్టారు. నోటుబుక్కులో పెదనాన్న గీసుకున్న ఇంటి బొమ్మ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాను. ఏది చార్లెస్ గదో పోల్చుకుందామని గేటు బయటే అటూ ఇటూ నడిచాను. పెదనాన్న ఒక్కసారి ఇక్కడ నిలబడి ఉంటే ఎంత బాగుండేదో. హైదరాబాదు దాటి ఎప్పుడూ వెళ్లలేదాయన.

ఉండబట్టలేక అన్నయ్యకి వీడియో కాల్ చేశాను. వాడు గుడికెళ్లాడట, ఫోను పెద్దమ్మ ఎత్తింది. ఎనభై దాటాయి, చూపు ఆనదు. "పెద్దమ్మా, పెదనాన్న చెప్పేవాడే, ఆ ఇల్లు" అంటూ ఫోన్ ఇంటి వైపు తిప్పాను. గుర్తుండదులే అనుకుంటూనే.

ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కిటికీ కింద రేకేదే? అది చూపించు" అంది.

నా గొంతు పూడుకుపోయింది. ఇటువైపు నుంచి కనబడదు పెద్దమ్మా అన్నాను. 

"కనబడకపోతే పోనీలే. ఆ కూజాలో నీళ్లు ఆ రాత్రి ఎవరు నింపారో మీ పెదనాన్న ఎన్నడూ చెప్పలేదు. ఎన్నిసార్లు అడుగుదామనుకున్నానో, పిల్లల ముందు బాగోదని ఊరుకున్నా. ఆ పుస్తకంలో రాశాడేమో చూడవే" అంది.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. పనిమనిషి మేరీ ఆన్ కీబర్ పేరు కింద ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి. పక్కన మార్జిన్‌లో పెదనాన్న సన్నటి అక్షరాలు: "కూజా నింపింది ఎవరు? దీన్ని గురించి ఇంకా చూడవలెను."